వాన పడుతున్నా సబ్జంక్టివేనా?

ఫ్రెంచ్ బీ2 (పై మధ్యస్థాయి) బ్యాచ్‌లో సబ్జంక్టివ్ అనే క్రియారూపం పాఠం వచ్చిన రోజు ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారు. ఈసారి టెఫ్ కెనడా (కెనడా వలసకి రాసే ఫ్రెంచ్ పరీక్ష) రాయబోతున్న ఖమ్మం అమ్మాయి. "మేడమ్, సబ్జంక్టివ్ అంటే సందేహం, కోరిక, భయం అన్నారు కదా. 'బ్యాఁ కిల్ ప్లోవ్' (వాన పడుతున్నా) అన్నప్పుడు బయట నిజంగానే వాన పడుతోంది. ఇంక సందేహం ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. ఆ సందేహం సూత్రం కోచింగ్ నోట్సుల పుణ్యం. 'అయినా' అనే అర్థమిచ్చే బ్యాఁ క, క్వాక తర్వాత వచ్చేది చాలాసార్లు జరిగిన సంగతే. కాకపోతే మాట్లాడేవాడు దాన్ని కొత్త కబురుగా చెప్పట్లేదు. "సరే, అది ఉంటే ఉండనీ" అని పక్కనపెట్టి అసలు మాటకొస్తున్నాడు. అలా పక్కనపెట్టిన క్రియకి సబ్జంక్టివ్ అని నేను చెప్తాను. 17వ శతాబ్దపు రాతల్లో వీటి తర్వాత ఇండికేటివ్ (మామూలు క్రియారూపం) కూడా కనిపిస్తుంది. ఇప్పటికీ ఫ్రెంచివాళ్లు మాటల్లో అలా అనేస్తూంటారు. మనం అంటే మాత్రం మార్కులు పోతాయి!

మనవాళ్లకి అసలు చిక్కు 'మెమ్ సి' (అయినా సరే) దగ్గర. "వాన పడినా వెళ్తాను", "వాన పడినా వెళ్లాను", రెండిటికీ మనకి ఒక్క 'పడినా' చాలు. అందుకే మెమ్ సి, బ్యాఁ క రెండిటినీ కలిపేస్తారు. ఆవిడకి ఒంట్లో బాగోకపోయినా అనాలంటే 'మెమ్ సి ఎల్ ఎ మలాద్', లేదా 'బ్యాఁ కెల్ స్వా మలాద్'. 'మెమ్ సి' ఉన్నచోట ఇండికేటివే, 'ఎ'. బ్యాఁ క వస్తే 'స్వా'.

మౌఖిక పరీక్షలో నోరు తడబడితే ఈఆర్ క్రియల్ని (మూలరూపం చివర er ఉండేవి) పట్టుకోండి. 'బ్యాఁ కిల్ త్రవాయ్' (వాడు పనిచేస్తున్నా)లో క్రియ ఇండికేటివ్‌లోనైనా సబ్జంక్టివ్‌లోనైనా ఒకేలా పలుకుతుంది, తప్పు పట్టే వీలే లేదు. 2020 మార్చి 12న కోవిడ్ మీద మాట్లాడుతూ ఫ్రాన్స్ అధ్యక్షుడిగా మాక్రాఁ అన్న 'క్వా కిలాఁ కూత్' (ఎంత ఖర్చయినా సరే) అలాంటిదే. అందులోనూ సబ్జంక్టివ్ ఉంది, కూతే ఈఆర్ క్రియ కాబట్టి పైకి కనపడదు. అన్నట్టు, ఈ క్వా క రెండు పదాలు, ఇందాకటి క్వాక ఒకటే పదం. చెవికి తేడా తెలీదు. బ్యాఁ క పెట్టి చూడండి, వాక్యం నిలబడితే కలిపి రాయండి.

క్రియ మార్చడమే బద్ధకమైతే 'ఇలా బో త్రవాయే' ఉంది, వాడు ఎంత పనిచేసినా అని. ఇన్ఫినిటివ్ (క్రియ మూలరూపం)తో పనైపోతుంది. నాకు భలే ఇష్టం.

ఇదే అర్థంలో వాడే మల్‌గ్రే క మాత్రం రాతలో వద్దు. వీధిలో వినిపిస్తుంది, ఫ్రెంచ్ అకాడెమీ ఒప్పుకోదు. మన పేపరు దిద్దేవాళ్లు ఏ పక్షమో మనకేం తెలుసు?