పాపిట మీది తెల్లగీత

ఈ ఆదివారం తలకు నూనె పెట్టుకోలేదు. పొద్దున్నే అమ్మ గోరువెచ్చని కొబ్బరినూనె గిన్నెతో వచ్చి గుమ్మంలో నిలబడితే, పదకొండింటికి పార్లర్‌కు వెళ్లాలనీ, నిన్న తలస్నానం చేసి ఆరబెట్టుకున్న జుట్టును అలాగే తీసుకురమ్మన్నారనీ చెప్పాను. రంగు కోసమేనా అని అడిగింది. రంగే గానీ ఇన్నాళ్లూ వేసుకున్న పద్ధతిలో కాదన్నాను. ఆమె గిన్నె మీద మూత పెట్టి, ముగ్గుబుట్టలా నెరిసిన తన తలను వేళ్లతోనే దువ్వి ముడి చుట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ తలకు డెబ్బై ఆరేళ్లలో ఒక్కనాడూ రంగు అంటలేదు.

నాకు 51 ఏళ్లు. చెంప దగ్గర మొదటి తెల్ల వెంట్రుక ముప్పై దాటగానే కనిపించింది, 38వ ఏట మొదటిసారి పొట్లం చింపి నల్లరంగు కలుపుకున్నాను. అప్పటినుంచి మూడు వారాలకొక శనివారం రాత్రి, అందరూ పడుకున్నాక, స్నానాలగదిలో పాత పేపరు పరుచుకొని, నుదుటి అంచున వాసెలిన్ రాసుకొని, నల్లటి మరకలతో అట్టకట్టిన ఒకే ఒక్క తువ్వాలును భుజాల మీద కప్పుకొని కూర్చోవడం అలవాటైపోయింది. వంటింటి క్యాలెండర్‌లో ఆ శనివారాల పక్కన బాల్‌పెన్నుతో చిన్న చుక్క పెట్టుకొనేదాన్ని. ఎవరైనా అడిగితే గ్యాస్ బండ లెక్క అని చెప్పేదాన్ని. ఏడాదికి 17 చుక్కల చొప్పున లెక్కేస్తే పదమూడేళ్లకు రెండువందల ఇరవై దాటాయి. మూడు వారాలకొక గ్యాస్ బండ ఎలా అయిపోతోందని మా వారు ఒక్కసారైనా అనుమానించకపోవడం ఆయన మంచితనమో, వంటింటి సంగతులు పట్టని తనమో నాకు నేటికీ తేలలేదు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే రంగు వేసిన మూడో వారానికి పాపిట పొడుగునా కందిపప్పు బద్ద వెడల్పున ఒక తెల్లగీత తయారవుతుంది. కాలేజీలో హాజరుపట్టీ మీదకు వంగినప్పుడల్లా ఆ గీత ముందు బెంచీ పిల్లల కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. వయసు కనిపించడం కన్నా, వయసును దాచిపెట్టిన చోటు కనిపించడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అందుకే ఆషాఢం నుంచి రంగు మానేశాను. మూడు నెలలుగా మొదళ్ల దగ్గర మూడు సెంటీమీటర్ల తెలుపు, దాని కింద పొట్లపు నలుపు. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టున్న సరిహద్దు. స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు, వేర్వేరు రోజుల్లో, ఒంట్లో బాగుంటోందా అని అడిగారు. ఆ ప్రశ్న మూడోసారి విన్న రోజు సాయంత్రమే పార్లర్‌కు ఫోన్ చేశాను.

పార్లర్ అమ్మాయి శుక్రవారమే ఒకసారి పిలిపించి, చెవి వెనుక రవ్వంత రంగు రాసి, 48 గంటలు చూసుకోమంది. పదమూడేళ్లు పడిన తలకు ఈ పరీక్ష ఎందుకని నాకు అనిపించిన మాట నిజమే. అయితే నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పీపీడీ అనే పదార్థం ఏళ్ల తరబడి పడుతూ వచ్చి, ఉన్నట్టుండి ఒకనాడు పడకపోవచ్చు. మా సహోద్యోగిని ఒకామెకు సరిగ్గా అలాగే కనురెప్పలు వాచిపోయి రెండు రోజులు కళ్లు తెరవలేకపోయింది. నా చెవి వెనుక ఏ దురదా రాలేదు.

పార్లర్‌లో నన్ను అద్దం ముందు కూర్చోబెట్టకుండా ముందు వీధి వైపు తలుపు దగ్గరికి తీసుకెళ్లింది. ట్యూబ్‌లైటు కింద జుట్టు రంగు నిజం చెప్పదట. ఒక్క వెంట్రుకను వేరుచేసి నా అరచేతి మీద పరిచింది. మొదట్లో తెలుపు, ఆ తరువాత బొటనవేలి పొడవున ఎండకు వెలిసి రాగిరంగుకు తిరిగిన భాగం, చివర దాకా రంగు మీద రంగు పేరుకొని బొగ్గులా మెరుపు లేని నలుపు. నా కొన్నేళ్ల శనివారాలు ఆ ఒక్క వెంట్రుకలో వరసగా పడుకొని ఉన్నాయి. తరువాత మెడ వెనుక జుట్టును పైకెత్తి, లోపలి పాయ ఒకటి ముందుకు లాగి చూపిస్తూ, “అక్కా, మీ అసలు రంగు ఇదీ” అంది. రంగు బ్రష్షు ఏనాడూ సరిగా అందని చోటు అది, నెరుపు కూడా చివరగా చేరే చోటు. అక్కడున్నది చిక్కటి కాఫీగింజ రంగు. నా జుట్టు ఏ వయసులోనూ లేనంత నలుపును నేను ఇన్నేళ్లూ మోశానన్నమాట.

ఆమె చెప్పిన పద్ధతి వినడానికి తేలికగానే ఉంది. తలలో ఏ రెండు వెంట్రుకలూ ఒకే ఛాయలో ఉండవు. అన్నింటికీ ఒకే నలుపు పూస్తే టోపీ పెట్టినట్టు కనిపించేది అందుకే. బూడిదరంగు వెంట్రుకలు అని మనం అనుకొనేవి కూడా చాలావరకు తెలుపూ నలుపూ పక్కపక్కన నిలబడి కంటికి చేసే మాయే. వెంట్రుక కుదురులో రంగునిచ్చే కణాలు పనిమానేస్తే ఆపైన వచ్చే వెంట్రుక రంగు లేకుండానే వస్తుంది. కాబట్టి తెలుపును మొత్తం కప్పడం మానేసి, దాని మధ్యలో అక్కడక్కడా నా కాఫీగింజ రంగును దారాలుగా నేస్తే, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియని మిశ్రమం వస్తుంది. చెంపల దగ్గర ఎక్కువ తెలుపు అలాగే వదిలేయాలి. పాపిట వెంబడి రెండు పోగులు వదిలి ఒక పోగుకు రంగు వేయాలి. కింది నలుపులో కొన్ని పోగుల రంగును మాత్రం తేలికచేస్తే ఆ స్కేలు గీత చెదిరిపోతుంది.

గడిచిన రెండు మూడేళ్లలో గోరింటాకు పెట్టారా అని రెండుసార్లు అడిగింది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఇనుప మూకుట్లో టీ డికాక్షన్‌తో నానబెట్టి ఒకసారి పెట్టుకున్నాను, పాపిట కాషాయంగా తేలింది, అది ఎప్పుడో కత్తెరకు పోయిందన్నాను. గోరింటాకు వెంట్రుకను గట్టిగా పట్టుకుంటుంది కనుక దాన్ని తీయడం కష్టమట. బజారు పొడుల్లో లోహలవణాలు కలిసి ఉంటే, రంగును తేలికచేసే మందుతో కలిసి జుట్టును పాడుచేస్తాయట. అడిగిన వారికి ఈ సంగతి దాచకుండా చెప్పడం మంచిది.

తోక దువ్వెన కొనతో పాయలు తీస్తూ, వాటిని పల్చటి రేకుల్లో పెట్టి మడుస్తూ ఆమె దాదాపు మూడు గంటలు నిలబడే పనిచేసింది. మొదట తేలికైన పోగులు రాగిచెంబు రంగుకు తిరగడం అద్దంలో చూసి నాకు గుండె జారింది. నల్లజుట్టు తేలికవుతుంటే అడుగున ఉన్న ఎరుపే ముందు బయటపడుతుందనీ, పైన బూడిద ఛాయ ఇస్తే అణిగిపోతుందనీ ఆమె ఏ మాత్రం తొణక్కుండా చెప్పింది. తెలుపు మధ్య వేసినది డెమీ పర్మనెంట్ రకం. అమ్మోనియా లేనిది, తెలుపును పూర్తిగా మూసేయకుండా పల్చగా పట్టుకొనేది. ఇరవై, ఇరవై నాలుగు తలస్నానాలకు మెల్లగా వెలిసిపోతుంది తప్ప మొదళ్ల దగ్గర గీత కట్టదు. వారానికి ఎన్ని తలస్నానాలు చేస్తారని అడిగితే రెండన్నాను. లెక్క ప్రకారం మూడు నెలలు వస్తుంది. దీపావళి మర్నాటి నుంచి కార్తీక స్నానాలు ఉన్నాయని గుర్తొచ్చింది. రోజూ తలమీద నీళ్లు పోసుకుంటే రంగు నెలకే వెలవదా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, సోమవారాలకూ పౌర్ణమికీ పరిమితం చేసుకోమంది. శివుడు ఒప్పుకోవచ్చు, అమ్మ ఒప్పుకోదు.

తెల్ల పోగులు మా బోరు నీళ్లకు పసుపు తిరగకుండా పదిరోజులకోసారి ఊదారంగు షాంపూ వాడమంది. అదేమిటో అనుకున్నాను గానీ, తెల్లచీరలకు అమ్మ నీలిమందు పెట్టే లెక్కే.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. మా వారు పేపరులోంచి తలెత్తి, నన్ను తేరిపార చూసి, పార్లర్ మూసి ఉందా అని అడిగారు. ఇంతకన్నా గొప్ప మెప్పు దొరకదని నాకు తెలుసు గనుక సంతోషంగా లోపలికి వెళ్లాను. అమ్మ మాత్రం కిటికీ దగ్గర నన్ను కూర్చోబెట్టి, కళ్లజోడు పెట్టుకొని, పాపిట చెరిపి వెతికింది. “ఎక్కడ వేశారే రంగు? తెల్లగానే ఉంది కదా” అంది. ఎంత పుచ్చుకున్నారని అడిగితే 3,500లో సగం కూడా చెప్పలేదు, అయినా నిట్టూర్చింది. ఇందిరాగాంధీ నుదుటి మీది తెల్లపాయ ఆమెకు బాగా గుర్తు, అలా ఒక్కటి వదిలేసి మిగతాదంతా నల్లగా ఉంచుకుంటే హుందాగా ఉండేదట. చెంప దగ్గరి తెల్ల పోగుల మీద ఆమె వేళ్లు చాలాసేపు ఆగాయి. కొంతసేపటికి తనకూ సరిగ్గా అక్కడినుంచే నెరవడం మొదలైందని చెప్పింది. ఆ మాట ఇంతకాలం నాకు తెలియదు, నేనెప్పుడూ ఆ చోటును కనిపించనివ్వలేదు కదా.

రాత్రి గిన్నెలు సర్దాక మరకల తువ్వాలును బాల్కనీ బండలు తుడిచే గుడ్డల్లో పడేశాను. బీరువాలో మిగిలిన రెండు పొట్లాలను పారేయబోయి, గడువు తేదీ చూసి, మళ్లీ అక్కడే పెట్టాను. క్యాలెండర్‌లో ఈ ఏడాదికి ముందే పెట్టుకున్న చుక్కలు ఇంకా నాలుగున్నాయి. వాటి జోలికి పోలేదు. కొత్త ఏడాది క్యాలెండర్ ఇంకా రాలేదు గనుక, చివరి పేజీ అడుగున చిన్నగా ముద్రించిన జనవరి గడిలో భోగికి ముందు ఆదివారం వెతికి, ఈసారి పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాను.