అబ్బా అరీనాలో ఒక సాయంత్రం

తూర్పు లండన్‌లో ఒలింపిక్ పార్కు పక్కన, 2022 మే నుంచి నడుస్తున్న, స్వీడన్‌కు చెందిన పాప్ సంగీత బృందం అబ్బా వారి ‘అబ్బా వోయేజ్’ ప్రదర్శనను ఈ వారాంతం చూశాను. కళ్లకు ఏ పరికరమూ తగిలించుకోకుండానే, 1979 నాటి వయసులో ఉన్న ఆ బృందంలోని నలుగురు కళాకారులు ఎదుట నిలబడి పాడుతున్నట్లు అనిపించింది. నిజానికి అది భారీ ఎల్‌ఈడీ తెర. డెబ్బై ఏళ్లకు అటూఇటూగా ఉన్న ఆ నలుగురూ కదలికలను నమోదు చేసే దుస్తులు ధరించి, ఐదు వారాల పాటు 160 కెమెరాల ముందు పాడగా, సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ ఆ కదలికలకు యవ్వన రూపాన్ని తొడిగింది.

అయితే నన్ను నమ్మించినవి ఆ ముఖాలు కావు, దీపాలు. తెరలోని వెలుగుతో పాటే హాలు పైకప్పున ఉన్న అసలు దీపాలూ కదులుతుండటంతో, తెర ఎక్కడ ముగిసిందో కన్ను పట్టుకోలేకపోయింది. పక్కనే పదిమంది వాద్యకారులు నిజంగానే వాయిస్తున్నారు. డ్రమ్ము దెబ్బ గుండెకు తగులుతుంటే అనుమానించే తీరిక ఎక్కడిది? పక్క తెరలపై ముఖాలను దగ్గరగా చూపినప్పుడు మాత్రం చర్మం కాస్త మైనపు నునుపుగా తోచింది.

ఆ నలుగురూ బతికుండగా తామే ఒప్పుకుని చేసిన పని కనుక నాకు ఇబ్బంది అనిపించలేదు. కీర్తిశేషులైన మన గాయకులను టిక్కెట్ల కోసం ఇలాగే వేదిక ఎక్కిస్తే మాత్రం నేను వెళ్లను.