అమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు డాక్టరు అడిగిన ప్రశ్న

ఒకరోజు తెల్లవారుజామున మా అమ్మ మంచం దిగి బాత్రూమ్ వైపు నడుస్తూ గుమ్మం దగ్గర తూలి కుడివైపుకు పడిపోయింది. అప్పటికి ఆమె వయసు 83 ఏళ్లు. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటివైపుకు తిరిగిపోయి ఉంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, తుంటి దగ్గర తొడ ఎముక మెడభాగం విరిగి ముక్కలు పక్కకు జరిగాయని చెప్పారు. తొడ ఎముక పైనుండే బంతికి రక్తం తీసుకువెళ్లే సన్నని నాళాలు ఆ మెడ వెంటే పైకి వెళ్తాయి కాబట్టి, అక్కడ విరిగి జరిగినప్పుడు అవి తెగిపోయి బంతి చచ్చుబడే ప్రమాదం ఉంటుందని, అందుకే ఈ వయసులో విరిగినదాన్ని అతికించడానికి చూడకుండా బంతినే తీసి కృత్రిమమైనది అమరుస్తారని ఎముకల డాక్టరు వివరించారు. అదే ఇంకాస్త కింద విరిగి ఉంటే రాడ్డో ప్లేటో వేసి నిలబెట్టేవారట.

ఆపరేషన్ సంగతి అంతటితో తేలిపోయిందనుకున్నాను. ఇంతలో వృద్ధుల వైద్యం చూసే డాక్టరుగారు వచ్చి, అమ్మ మంచం పక్కన కూర్చుని, నేను ఎదురుచూడని ప్రశ్న అడిగారు: "ఇప్పటి సంగతి వదిలేయండి. పడడానికి రెండు వారాల ముందు అమ్మగారు ఎలా ఉండేవారు?"

"బాగానే ఉండేదండీ, తన పనులన్నీ తనే చేసుకునేది" అన్నాను. ఆ మాట అబద్ధమని నాకు అనిపించలేదు. అమ్మను తక్కువ చేసి చెప్పడానికి నోరు రాలేదు, పైగా ఆమె బలహీనంగా ఉందంటే ఆపరేషన్ చేయరేమోనన్న భయం లోపల ఉంది. డాక్టరుగారు కాదనలేదు, అవుననలేదు. ఒక్కొక్కటే విడివిడిగా అడగడం మొదలుపెట్టారు. స్నానం చేసేటప్పుడు ఎవరైనా దగ్గర ఉంటారా? మెట్లు ఎక్కడం ఎప్పటినుంచి మానేశారు? మందులు ఎవరు తీసి ఇస్తారు? ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా? ఏడాదిలో బరువు తగ్గారా? ప్రతిదానికీ నిజమైన జవాబు నేను మొదట చెప్పిన మాటకు వ్యతిరేకంగా ఉంది. స్నానానికి నేను పక్కన ఉండాల్సిందే. మెట్లు మానేసి ఏడాది దాటింది. ఆరు నెలల క్రితం ఒకసారి పడిందని, నాకు చెప్పవద్దని అమ్మే అన్నదని మా తమ్ముడు అప్పుడు బయటపెట్టాడు. ఇక బరువు సంగతి అడిగినప్పుడు నాకు గుర్తొచ్చినది అమ్మ చేతి గడియారం. అది మణికట్టు మీద నిలవడం లేదంటే, ఆ ఏడాదిలోనే రెండుసార్లు పట్టీకి కొత్త రంధ్రం పొడిచి ఇచ్చాను. ఆమె ఎంత చిక్కిపోయిందో నా చేతులతోనే కొలిచి కూడా గ్రహించలేకపోయినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఆ ప్రశ్నలన్నీ ఫ్రెయిల్టీని అంచనా వేయడానికే. ఫ్రెయిల్టీ అంటే వట్టి ముసలితనం కాదు. ఒక దెబ్బ తగిలినప్పుడు దాన్ని తట్టుకుని మళ్లీ లేవడానికి శరీరంలో ఉండాల్సిన నిల్వలు తరిగిపోయిన స్థితి. ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరికి అది అసలు లేకపోవచ్చు, మరొకరికి బాగా ముదిరి ఉండవచ్చు. అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం 2001లో దీనికి ఐదు గుర్తులు చెప్పింది: తెలియకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గిపోవడం. వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. మా డాక్టరుగారు వాడినది కెనడాకు చెందిన కెనెత్ రాక్‌వుడ్ బృందం 2005లో రూపొందించిన కొలమానం. మొదట్లో 7 మెట్లుండేవి, ఇప్పుడు 9. అంకె పెరిగేకొద్దీ బలహీనత ఎక్కువని అర్థం. మనిషి జబ్బుపడ్డాక ఉన్న స్థితిని కాక అంతకు రెండు వారాల ముందటి స్థితిని చూసి మెట్టు నిర్ణయిస్తారు, ఎందుకంటే ఎముక విరిగి మంచం మీద ఉన్నప్పుడు ఎవరైనా బలహీనంగానే కనిపిస్తారు. నా మొదటి మాటను నమ్మి ఉంటే అమ్మ 4వ మెట్టులో ఉండేది. నిజం చెప్పాక 6 అని రాశారు.

ఆ అంకె విన్న మా తమ్ముడు, "ఇంత బలహీనంగా ఉన్న మనిషి ఆపరేషన్‌ను ఏం తట్టుకుంటుందండీ, కదపకుండా పడుకోబెడితే సరిపోదా?" అని అడిగాడు. డాక్టరుగారు చెప్పిన జవాబు మా ఇద్దరి ఆలోచననూ మార్చింది. విరిగిన తుంటితో పడుకోవడం విశ్రాంతి కాదని, పక్కకు ఒత్తిగిల్లిన ప్రతిసారీ నొప్పి ఉంటుందని, లేచి కూర్చోలేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుందని, వీపుకు పుండ్లు పడతాయని, కాళ్లలో రక్తం గడ్డకడుతుందని చెప్పి, ఈ ఆపరేషన్ నడిపించడానికే కాదు, నొప్పి తీయడానికి కూడా అన్నారు. కష్టమైన మాటను దాచలేదు. తుంటి విరిగిన వృద్ధుల్లో 20 నుంచి 30 శాతం మంది ఏడాది తిరిగేలోపు చనిపోతారని, ఫ్రెయిల్టీ ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువని, బతికినవారిలోనూ చాలామందికి మునుపటి నడక పూర్తిగా తిరిగి రాదని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయుష్షు చివరికి వచ్చి, అప్పటికే ఇతరుల సంరక్షణలో ఉన్న వృద్ధులకు ఆపరేషన్ లేకుండా నొప్పి తగ్గించి చూసుకోవడం కూడా సరైన నిర్ణయమే కావచ్చని, నెదర్లాండ్స్‌లో జరిగి 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఆ మాటకు బలం ఇచ్చిందని కూడా అన్నారు. అమ్మ ఆ స్థితిలో లేదు. చేతికర్రతో ఇంట్లో తిరిగేది. ఆ తర్వాత డాక్టరుగారు మమ్మల్ని వదిలి నేరుగా అమ్మ వైపు తిరిగి, "మీకేం కావాలమ్మా?" అని అడిగారు. "బాత్రూమ్‌కు నా అంతట నేను వెళ్లాలి" అంది అమ్మ. ఆ మాటనే కేస్ షీటులో రాసుకున్నారు.

కొన్నాళ్లు ఆగి, కాస్త బలం వచ్చాక చేయకూడదా అని నేను అడిగాను. విరిగిన ఎముకతో పడుకున్న మనిషికి రోజు రోజుకూ బలం తగ్గుతుందే తప్ప పెరగదన్నారు. ఆసుపత్రిలో చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్ చేయాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంకా త్వరగా, కొన్ని గంటల్లోనే చేస్తే మరణాలు తగ్గుతాయా అని 17 దేశాల్లో జరిపిన హిప్ అటాక్ అనే అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు తగ్గలేదు కానీ, ఆపరేషన్ తర్వాత మతి తప్పడం తగ్గింది. అమ్మకు ముందుగా గజ్జ దగ్గర నరాలు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటలో ఆమె ముఖం తేటపడి, పడినప్పటినుంచి మొదటిసారి నిద్రపోయింది. సెలైన్ ఎక్కించి, రక్తంలో లవణాలు సరిచేసి, చేరిన 30 గంటల్లోపు ఆపరేషన్ చేశారు. వెన్నులో మత్తు ఇచ్చారు. పూర్తి మత్తు కంటే అదే క్షేమమని నేను నమ్మేదాన్ని, కానీ 2021లో వచ్చిన రిగెయిన్ అనే అధ్యయనంలో 60 రోజుల తర్వాత మరణాల్లో గానీ నడకలో గానీ రెండింటికీ తేడా కనబడలేదని మత్తు డాక్టరుగారు చెప్పారు.

అసలు కష్టం రెండో రాత్రి మొదలైంది. అమ్మ దుప్పటి అంచును వేళ్లతో పీకుతూ, సెలైన్ గొట్టాన్ని లాగబోతూ, నన్ను తన అక్క పేరుతో పిలిచింది. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు, మన పెద్దవాళ్లు సంధి అనేవారు. 6వ మెట్టు అని ముందే తెలిసినందువల్ల వార్డులో అందరూ దానికి సిద్ధంగా ఉన్నారు. మొదటిరోజే కళ్లజోడు, వినికిడి యంత్రం ఇంటినుంచి తెప్పించి, అవి ఎందుకో నాకు చెప్పారు. నర్సు అమ్మ చేతులు కట్టలేదు, నిద్రమందు ఇవ్వలేదు. ముందు పొత్తికడుపు నొక్కి మూత్రం నిలిచిందేమో చూసింది, నొప్పి ఉందేమో చూసింది, తర్వాత వినికిడి యంత్రం పెట్టి, "అమ్మా, మీరు ఆసుపత్రిలో ఉన్నారు, మీ అమ్మాయి ఇక్కడే ఉంది" అని నిదానంగా, మళ్లీ మళ్లీ చెప్పింది. మర్నాడు అమ్మ పగలంతా మగతగా పడుకుంటే అలసట తీరుతోందని సంతోషించాను. అదీ డెలీరియమేనని, మాట్లాడకుండా ముడుచుకుపోయే ఈ రకాన్నే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరని చెప్పి, నెలల పేర్లు వెనకనుంచి చెప్పమని అమ్మను అడిగారు. డిసెంబర్, నవంబర్ అని ఆగిపోయింది. ఐదో రోజుకు జూన్ దాకా వచ్చింది.

ఆపరేషన్ మర్నాడే ఆమెను నిలబెట్టారు. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు చెరోవైపు పట్టుకోగా, మంచం అంచున కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించి, వాకర్ పట్టుకుని లేచి, కుర్చీదాకా నాలుగు అడుగులు వేసింది. ఆపరేషన్ అయిన కాలి మీద పూర్తి బరువు వేయవచ్చని వాళ్లు చెబుతున్నా నేను ఊపిరి బిగబట్టి చూశాను. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఎముకల బలానికి మందు గురించి ఒక్క ముక్క లేదు. ఈ విషయంలో మాత్రం నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఒకసారి తుంటి విరిగినవారికి మరో ఎముక విరిగే ముప్పు ఎక్కువ. 2007లో వెలువడిన హొరైజన్ అనే అధ్యయనంలో, తుంటి ఆపరేషన్ జరిగిన 90 రోజుల్లోపు మొదలుపెట్టి ఏడాదికోసారి జోలెడ్రానిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు ఎక్కిస్తే, కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. నేను అడిగాక డాక్టరుగారు మూత్రపిండాల పనితీరు, విటమిన్ డి చూసి ఆ మందు రాశారు. లేచినప్పుడు బీపీ పడిపోయేలా చేస్తున్న ఒక పాత మాత్రను మాన్పించారు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు, "ఈ రెండు వారాలుగా ఎలా ఉన్నారు?" అని అడిగారు. "చక్కగా నడుస్తోందండీ" అన్నాను. అమ్మ నా చెయ్యి పక్కకు జరిపి, "ఇంట్లోనే, వాకర్‌తో. స్నానానికి మా అమ్మాయి ఉండాలి. బాత్రూమ్‌కు మాత్రం నేనే వెళ్తున్నాను" అని చెప్పింది. డాక్టరుగారు ఆమె చెప్పిందే రాసుకున్నారు.