సిగ్గరి చేపకు పైకప్పు

సంక్రాంతి చుట్టాలు వెళ్ళిపోయాక వచ్చిన మొదటి ఆదివారం. అరిసెల డబ్బా ఇంకా ఖాళీ కాలేదు. మా తోటికోడలి పిల్లలు పండగ మూడు రోజులూ హాల్లో ట్యాంకు ముందు కూర్చుని, "పిన్నీ, ఇందులో నిజంగా చేపలున్నాయా, ఊరికే లైటు వేశారా?" అని అడుగుతూనే ఉన్నారు. ఉన్నాయి. హనీ గౌరమీలు, ఒక మగది, మూడు ఆడవి. నాలుగూ ఫిల్టరు వెనక సందులో కాపురం పెట్టాయి. మేత వేస్తే గబుక్కున పైకొచ్చి, నోట కరుచుకుని మళ్ళీ అందులోకే పోతాయి. ట్యాంకులో గోదావరి ఇసుక, స్పాంజి ఫిల్టరు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి వాటిని అనడానికి కూడా లేదు. ఈ రోజు వంట పని అత్తయ్యకు వదిలేసి, మొక్కల కోసం బయల్దేరాను.

ఈ చేప మన దేశానిదే. గంగ, బ్రహ్మపుత్రల వైపు చెరువుల్లో, కదలని మడుగుల్లో, గడ్డీ గాదం ఉన్న నీళ్ళలో బతుకుతుంది. 1822లో దీని గురించి మొదట రాసిన హామిల్టన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు, మగదాన్నీ ఆడదాన్నీ చూసి రెండు వేరే జాతులనుకుని రెండు పేర్లు పెట్టేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. జతకట్టే రోజుల్లో మగది ఒళ్ళంతా తేనె రంగుకి తిరిగి, మొహం నుంచి పొట్ట దాకా నల్లటి నీలం కమ్ముతుంది. ఆడది ఎప్పుడూ వెలిసిన గోధుమ రంగే, పక్కన ఒక ముదురు గీత. ఎదిగినా రెండంగుళాలే. మహా పిరికిది.

పిరికి చేప అనగానే అందరూ కింద రాళ్ళూ కుండపెంకులూ పెట్టమంటారు. నా లెక్క వేరు. ఇది నీటి అడుగున తిరిగే చేప కాదు. దానికి గాలి పీల్చుకునే అవయవం విడిగా ఉంది కాబట్టి మాటిమాటికీ పైకి రావాలి. మగది గుడ్ల కోసం నురగ గూడు కట్టేది కూడా నీటి మీదే. దాన్ని ఎత్తుకుపోయే కొంగైనా లకుముకి పిట్టైనా వచ్చేది పైనుంచే. అంటే దాని పనులన్నీ పైనే, దాని భయమూ పైనుంచే. తలమీద ఆకు ఉందనే ధైర్యం ఉంటే అది ముందుకు వస్తుంది. కాబట్టి మొక్కల ఎంపిక నీటి మీద నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. షాపుల్లో అమ్మేది మాత్రం అంతా ఇసుకలో గుచ్చేవే.

ముందు ఊళ్ళో అక్వేరియం షాపుకే వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు చాలా మర్యాదస్తుడు. లోపలికి అడుగు పెట్టగానే లక్కీ బ్యాంబూ, ఎర్రాకుల డ్రసీనా చూపించాడు.

"ఇవి నీళ్ళలో పూర్తిగా మునిగితే బతుకుతాయా బాబూ?"

"ఆయ్, బతుకుతాయండి. రెండు నెలలు ఢోకా లేదండి."

రెండు నెలలు బతకడం కాదది, రెండు నెలల పాటు చావడం. అవి నేలమీద మొక్కలు. వేర్లు నీళ్ళలో ఉండి ఆకులు గాలిలో ఉంటే సరేగానీ, నిలువునా ముంచితే మెల్లగా కుళ్ళి నీటిని పాడుచేస్తాయి. తర్వాత కబోంబా గుత్తి తీశాడు. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో! కానీ దానికి గట్టి లైటు కావాలి, నా మామూలు ఎల్‌ఈడీ పట్టీ కింద సన్న ఆకులన్నీ రాలి స్పాంజిని పూడ్చేస్తాయి. అమెజాన్ స్వోర్డ్ వద్దన్నాను, రెండడుగుల ట్యాంకులో అది పెరిగితే ఇక చేపలకు చోటుండదు. చెక్కకు కట్టిన అనూబియాస్ బాగుంది, మొండి మొక్క, కానీ ధర చూసి దండం పెట్టాను. పైగా అది పెరిగే వేగానికి, ఆకుల మీద పాకుడు ముందు పడుతుంది, కొత్త ఆకు తర్వాత వస్తుంది.

చివరికి ఆ షాపులో నాకు పనికొచ్చింది ఒక మూలన బేసిన్లో చిందరవందరగా తేలుతున్న వాటర్ స్ప్రైట్. కుర్రాడు దాన్ని అమ్మకానికి పెట్టినట్టే లేదు. అదొక నీటి ఫెర్న్. ఇసుకలో నాటినా బతుకుతుంది, ఊరికే నీటి మీద వదిలేసినా బతుకుతుంది. వదిలేస్తే ఆకులు వెడల్పుగా పరుచుకుంటాయి, కిందికి వేర్లు కుచ్చుల్లా దిగుతాయి, ముదురు ఆకుల అంచున పిల్ల మొక్కలు పుడతాయి. మగ గౌరమీ నురగ గూడు ఆ ఆకుల మధ్య చెదిరిపోకుండా నిలుస్తుంది. కాస్త ఎండ వేడి కూడా తట్టుకుంటుంది. ఇది నాకు ముఖ్యం, ఎందుకంటే రాజమండ్రిలో మే నెలలో ట్యాంకు నీళ్ళు వాటంతట అవే ముప్పై డిగ్రీలు దాటుతాయి. చల్లని నీళ్ళు కోరే నాచు మొక్కలు కొనడం డబ్బు దండగ. వాటర్ స్ప్రైట్‌తో పాటు ఇసుకలో నాటడానికి రెండు క్రిప్టోకొరైన్లు (పొట్టి మొక్కలు), ఒక కట్ట హైగ్రోఫిలా (పొడుగు కాడల మొక్క) తీసుకున్నాను.

అక్కణ్ణుంచి కడియం. మా ఆయన బండి స్టాండు వేసి, "చేపలకి కూడా కడియం మొక్కలేనా, ఇక పిల్లికి పూలకుండీ ఒకటి కొందాం" అన్నారు. మాకు పిల్లి లేదు. ఆయన జోకులు అలాగే ఉంటాయి.

కడియం నర్సరీల్లో అక్వేరియం మొక్కల కోసం ఎవరూ రారు. సిమెంటు తొట్లలో తామరలు, కలువలు, వాటి మధ్య ఊరికే పుట్టుకొచ్చిన, నీటి మీద తేలే అంతరతామర. నాక్కావలసింది ఆ ఊరికే పుట్టుకొచ్చిందే. పెద్దాయన ఒకరు కలువ తొట్టి దగ్గర ఆకులు గిల్లుతున్నారు.

"ఈ తొట్లకి మందు కొడతారాండి?"

"కొట్టకుండా ఎలాగమ్మా, పేనుబంక పట్టేస్తది. చేపలకైతే ఇక్కడివి వద్దు. అవతల నీళ్ళ కుండీ ఉంది చూడు, అందులోవి తీసుకెళ్ళు. దానికేం కొట్టం."

నిజం చెప్పినందుకు ఆయన దగ్గరే ఒక తెల్ల కలువ కూడా కొన్నాను. అది డాబా మీద గోలెంలోకి, చేపలకు కాదు. అంతరతామర పిలకలు మాత్రం డబ్బులు తీసుకోకుండా కవరు నిండా ఇచ్చారు. మందు కొట్టలేదన్నా సరే, రెండు వారాలు బకెట్లో, నీళ్ళు మారుస్తూ ఉంచుతాను. ట్యాంకులో వేశాక కూడా సగం నీరైనా కనపడేలా ఎప్పటికప్పుడు ఏరిపారేయాలి. ఇది పిచ్చిగా పెరుగుతుంది. పైనంతా మూసుకుపోతే గాలి కోసం వచ్చే చేపకు దారుండదు, కిందున్న మొక్కలకు వెలుతురూ ఉండదు. గుర్రపుడెక్క జోలికి మాత్రం పోలేదు, దాని సైజుకి చెరువే చాలదు.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద ఆగాం. నీళ్ళలో హైడ్రిల్లా పాచి వాలుకి ఊగుతూ ఉంది, పక్కనే పొడుగాకుల వాలిస్‌నేరియా. షాపులో గుత్తి లెక్కన కొనే సరుకు ఇక్కడ మోపుల కొద్దీ. చేయి పెట్టాలనిపించింది, పెట్టలేదు. కాలువ మొక్కతో పాటు నత్త గుడ్లు, జలగలు, వాటికన్నా ముఖ్యంగా తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల నీళ్ళలో ఉన్నంత కాలం వేటగత్తె. కింది పెదవి ముందుకు చాచి చిన్న చేపను పట్టేస్తుంది. రెండంగుళాల గౌరమీ తప్పించుకున్నా, పుట్టబోయే పిల్లలు తప్పించుకోవు.

ఇంటికొచ్చి షాపు మొక్కలను పటిక నీళ్ళలో నానబెట్టాను, నత్త గుడ్లుంటే పోతాయని. పటిక ముక్క అత్తయ్య దగ్గర ఎప్పుడూ ఉంటుంది. వరదలప్పుడు ఎర్ర నీళ్ళు తేర్చిన రోజుల నుంచీ ఆవిడకది ఇంట్లో ఉండాల్సిందే. "చేపల ఆకుకూరకి కూడా పటికేనటమ్మా" అంటూనే తీసిచ్చారు. రెండు గంటలయ్యాక మంచినీళ్ళలో బాగా కడిగి నాటాను. హైగ్రోఫిలా కాడలు వెనక వరసలో ఒక్కొక్కటి విడిగా. గుత్తిగా గుచ్చితే మధ్యవి కుళ్ళిపోతాయి. క్రిప్టోలు ముందు వైపు, వేర్ల దగ్గర ఎరువు బిళ్ళ ఒకటి. వాటి ఆకులు మొదటి వారాల్లో కరిగిపోయినట్టు అయిపోతాయి, అది చూసి పీకేయకూడదు, వేరు నుంచి మళ్ళీ వస్తాయి. వాటర్ స్ప్రైట్ నాటనేలేదు, మూడు పెద్ద ముక్కలు పైన వదిలేశాను. ఫిల్టరు గాలి వాల్వు సగం తగ్గించాను, లేకపోతే బుడగల తోపుకి అవన్నీ ఒక మూలకు పోతాయి.

సాయంత్రం హ్యూస్టన్ నుంచి అక్క వీడియో కాల్ చేసింది. ట్యాంకు చూపిస్తే, "ఆ వెనక వరస హైగ్రోఫిలా పాలిస్పెర్మాయేనా? ఇక్కడ దాన్ని పర్మిట్ లేకుండా రాష్ట్రం దాటించకూడదు తెలుసా" అంది. హైడ్రిల్లా కూడా అంతేనట. మన కాలువ పాచి 1950ల్లో అక్వేరియం వ్యాపారుల ద్వారా ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సుల్ని కమ్మేసిందట. ఇప్పుడు రెండూ వాళ్ళ ప్రభుత్వం కలుపు మొక్కల జాబితాలో ఉన్నాయి. నేనేమో కట్టకి నలభై ఇచ్చి కొన్నాను. అక్క పడీపడీ నవ్వింది.

మాట్లాడుతుండగానే మగది ఫిల్టరు వెనక నుంచి వచ్చి, వాటర్ స్ప్రైట్ వేర్లను తన పొట్ట కింది సన్నటి మీసాలతో తడిమి చూసింది. కాసేపటికి ఒక ఆడది కూడా వచ్చింది. మిగతా రెండూ ఇంకా సందులోనే. లైటు రోజుకి ఏడు గంటలకు మించకుండా టైమర్ పెట్టాలి, కొత్త ట్యాంకులో అంతకన్నా ఎక్కువైతే పాకుడు ఆగదు. రేపు స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఎలక్ట్రికల్ షాపులో అడగాలి.