పులుపు లేని వేవిళ్ళు

నాకు మూడో నెల నడుస్తున్నప్పుడు అమ్మ తెనాలి నుంచి బెంగళూరు వచ్చి, సంచిలోంచి మొట్టమొదట తీసింది కొత్త చింతకాయ పచ్చడి సీసా. మూత తీయగానే నోట్లో నీళ్ళూరాయి, ఆ వెంటనే భయమూ వేసింది. నాకు నాలుగేళ్ళుగా ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే మూత్రాశయ వ్యాధి ఉంది. మూత్రాశయం నిండుతున్నకొద్దీ నొప్పి పెరుగుతుంది, ఖాళీ అయితే కొంత ఉపశమిస్తుంది, మూత్రాన్ని ఎన్నిసార్లు కల్చర్ (క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) చేయించినా ఏ సూక్ష్మజీవీ కనిపించదు. ఈ వ్యాధి ఉన్న చాలామందికి పులుపు, కారం, కాఫీ పడవు. నాకు అన్నిటికంటే చింతపండు పడదు.

"కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే పులుపు లేదనకూడదే" అని అమ్మ నొచ్చుకుంది. నేను వాదించకుండా, ఎప్పుడు ఎంత మూత్రం పోశానో, నొప్పి ఎంతుందో, ఏం తిన్నానో రాసుకునే నా గీతల పుస్తకం ఆమె చేతికిచ్చాను. అందులో ఒక వరుస ఇలా ఉంది: "రాత్రి 1.40, 90 మి.లీ., నొప్పి పదికి ఆరు, మధ్యాహ్నం టమాటా పప్పు." ఆ రాత్రి అలాంటి వరుసలు తొమ్మిది ఉన్నాయి. అమ్మ పుస్తకం మూసి, సాయంత్రానికి పాలు పోసి సొరకాయ కూర వండింది. తరువాతి నెలల్లో పెసరపప్పు కట్టు, పొట్లకాయ, బీరకాయ, జీలకర్రతో తాలింపు వేసిన పెరుగు అన్నం మా ఇంట్లో పండుగ వంటలయ్యాయి.

గర్భం కోసం ప్రయత్నించక ముందే యూరాలజిస్టునూ గైనకాలజిస్టునూ కలిసి, వాడుతున్న మందులన్నీ ఒక్కొక్కటిగా మాట్లాడుకున్నాం. పెంటోసాన్ పాలీసల్ఫేట్ ఈ వ్యాధి నొప్పికి అమెరికాలో 1996లోనే అనుమతి పొందిన మందే అయినా, గర్భిణుల మీద తగినంత పరిశోధన లేనందువల్ల దాన్ని ఆపించారు. నొప్పికి పారాసిటమాల్ సరిపెట్టుకోమన్నారు. ఐబుప్రోఫెన్ వంటివి, ముఖ్యంగా ఇరవయ్యో వారం దాటాక, శిశువు మూత్రపిండాలకు హాని చేయవచ్చు కనుక ముట్టుకోవద్దన్నారు.

నాకు అన్నిటికంటే కష్టమైనది నొప్పి కాదు, ఆ నొప్పి దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడం. గర్భిణికి మాటిమాటికీ మూత్రం రావడం సహజమే. మొదటి మూడు నెలల్లో గర్భసంచి కటిభాగంలోనే ఉండి మూత్రాశయాన్ని నొక్కుతుంది, మూత్రపిండాలు మునుపటికంటే దాదాపు సగం ఎక్కువ రక్తాన్ని వడకడతాయి. నా వ్యాధి తిరగబెట్టినా అదే లక్షణం, ఇన్ఫెక్షన్ సోకినా అదే లక్షణం. అయితే గర్భంలో ఇన్ఫెక్షన్‌ను తేలిగ్గా తీసుకోవడానికి వీలులేదు, ఎందుకంటే ప్రొజెస్టరాన్ ప్రభావంతో మూత్రనాళాలు వదులై, పెరిగే గర్భసంచి ఒత్తిడి కూడా తోడై మూత్రం నిలిచిపోతుంది, క్రిములు పైకి పాకి మూత్రపిండాలకు చేరవచ్చు, దాని వల్ల నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదమూ ఉంటుంది. లక్షణాలేవీ లేకుండా మూత్రంలో క్రిములు కనిపించినా గర్భిణికి చికిత్స చేసేది అందుకే.

వ్యాధి నిర్ధారణ కాకముందు నేను వెళ్ళిన ఒక క్లినిక్‌లో కల్చర్ చేయించకుండానే ఏడాదిలో ఐదుసార్లు యాంటీబయాటిక్స్ రాసి ఇచ్చారు. ఒక్కసారీ తగ్గలేదు. ఆ ఏడాది గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అందుకే గర్భం వచ్చాక, ఎంత అలసటగా ఉన్నా ప్రతిసారీ ముందు కల్చర్‌కు ఇచ్చాకే మందు మాట ఎత్తాను.

ఐదో నెలలో నొప్పి తిరగబెట్టినప్పుడు కల్చర్‌లో ఏమీ రాలేదు. పొత్తికడుపు మీద చల్లటి కాపడం పెట్టుకుని నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఏడో నెలలో వచ్చిన నొప్పి మాత్రం మూత్రం పోశాక కూడా తగ్గలేదు, పుస్తకంలో పాత వరుసలతో పోల్చి చూస్తే ఆ తేడా స్పష్టంగా కనిపించింది. రెండు రోజుల తరువాత వచ్చిన రిపోర్టులో ఈ.కోలై అనే క్రిమి మిల్లీలీటరుకు లక్షకు పైగా ఉంది. గర్భంలో వాడదగిన యాంటీబయాటిక్ ఏడు రోజులు వాడాను, తగ్గింది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎక్కడా దిగలేమన్న భయంతో ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో నీళ్ళు తాగడం తగ్గించాను. మూత్రం చిక్కబడి మంట ఇంకా ఎక్కువైంది, తలనొప్పి కూడా మొదలైంది. డాక్టరు గారు గట్టిగా మందలించాక, గంటకు ఒక గ్లాసు చొప్పున కొద్దికొద్దిగా తాగుతూ, ఆఫీసులో అడిగి ఇంటి నుంచే పని చేసుకున్నాను.

కాన్పు సమయంలో ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) ఇస్తే మూత్రానికి గొట్టం వేయవలసి రావచ్చని ముందే తెలుసుకుని, సన్నటి గొట్టం, తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్ వాడమని ఎనిమిదో నెలలోనే అడిగాను. డాక్టరు గారు ఆ మాటను ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశారు. నొప్పులు మొదలైన రాత్రి, డ్యూటీలో ఉన్న నర్సు ఆ పేజీ చదివి, ట్రేలో ఉన్న గొట్టాన్ని పక్కన పెట్టి, అంతకంటే సన్నటిది తెచ్చింది.