ఉత్తరపు గదికి ఏ గ్రే?

పర్లాకిమిడిలో మా ఇంట్లో అమ్మ గదికి రంగు మార్చాలి. గ్రే అని అందరం ఒప్పేసుకున్నాం, కానీ రెండు గ్రేల్లో ఏది అనేసరికి ఇంటిల్లిపాదికీ అదే టెన్షన్. ఒకదాంట్లో నీలిజీర, అంటే లోలోపల కాస్త నీలం ఛాయ, రెండోదాంట్లో మట్టిజీర. షేడ్ కార్డులో విడివిడిగా చూస్తే తేడా తెలీదు, తెల్లకాగితం మీద పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది.

అమ్మకు కొట్లో నీలిజీరదే నచ్చింది. మా పెయింటర్ మాత్రం కార్డు చూడగానే “గోడెక్కితే నీలం కొడతాదమ్మా” అన్నాడు. అతని మాట నిజమే. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ ఉత్తరానికి, ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు, వచ్చేదంతా ఆకాశం వెలుగు, అందులో నీలం పాలు ఎక్కువ. పైగా కింద తాతల నాటి ఎర్రగచ్చు. ఎరుపు పక్కనుంటే బూడిదరంగు కొంచెం ఆకుపచ్చగా, నీలంగా కనబడుతుంది. పక్క రంగును బట్టి కన్ను ఇలా చూస్తుందని షెవ్రుల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1839లోనే పుస్తకం రాశాడు.

అందుకే శాంపిల్ డబ్బాలు తెచ్చి పెద్ద అట్టలకు ప్రైమర్ కొట్టి, రెండేసి కోటింగులు వేసి ఆరబెట్టాం. చుట్టూ తెల్ల అంచు వదిలాం, లేకపోతే పాత పిస్తా రంగు గోడ కంటిని తప్పుదోవ పట్టిస్తుంది. ఆ అట్టల్ని కిటికీ ఎదురుగా, మూలన, గచ్చుకి ఆనించి పెట్టి చూశాం. గచ్చు దగ్గర మాత్రం, జానెడు ఎత్తు వరకూ, ఆ ఎరుపు వెలుగు పడి మట్టిజీర గ్రే మీద సన్నటి గులాబి ఛాయ లేచింది, అది నాకు భలే నచ్చింది. నీలిజీరది మూలన పెట్టగానే అమ్మే “మబ్బు పట్టినట్టుందే” అంది.

రాత్రి లైట్లో కూడా చూడాల్సిందే. 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద నీలిజీరది ఇంకా చల్లబడింది. 3000 కెల్విన్ పసుపు వెలుగు బల్బు వేస్తే మట్టిజీరది కాస్త పసుపెక్కింది, అయినా కళ్లకి హాయిగానే ఉంది. అమ్మ సాయంత్రాలన్నీ గడిపేది ఆ గదిలోనే కాబట్టి నా లెక్కలో పగటి వెలుగు కంటే అదే ముఖ్యం.

మట్టిజీరదే ఖాయం చేశాం, మెరుపు లేని మ్యాట్ ఎమల్షన్‌లో, ఎందుకంటే మెరిసే రంగైతే పాత గోడల ఎత్తుపల్లాలన్నీ చూపిస్తుంది. డబ్బా మీద అంటించిన చీటీలో షేడ్ కోడు ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, రేపు టచప్ కావాలంటే అదే దిక్కు.