‘ఆసక్తి లేదు’ అని రాసి నా లోన్ ఫైలు తిప్పి పంపారు

పోయిన వారం మా షెడ్డులో చింతపండు గింజ తీసే మిషన్ తిరగడం మొదలైంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిలోకి వస్తున్నారు, అందరూ మా ఊరివాళ్ళే. కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ పథకం పీఎంఈజీపీ లోన్‌తో పెట్టిన యూనిట్ ఇది. ఆ లోన్ కోసం పడ్డ పాట్లు ఇంకా పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. మన జిల్లాలో ఇంకో ఆడమనిషి ఎవరైనా ఈ పనికి దిగితే పనికొస్తుంది.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. తోతాపురి కాయ దిగినప్పుడు చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది. జూన్, జులై దాటితే అదీ ఉండదు. మగపిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. ఆడపిల్లలు ఇంటర్ అయిపోగానే శ్రీసిటీ కంపెనీలకు పోయి హాస్టళ్ళలో ఉంటున్నారు. నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు, సంతోషమే. మరి చంటిపిల్లల తల్లులు, నలభై దాటినవాళ్ళు, మంచాన పడ్డ అత్తను చూసుకునేవాళ్ళు ఎక్కడికి పోతారు? పెద్ద ఫ్యాక్టరీ ఏదో వస్తుందని కాచుకుని కూర్చుంటే వయసు అయిపోతుంది. పది మందికి పనిచ్చే చిన్న యూనిట్ ఊరికొకటి ఉంటే ఊళ్ళు ఖాళీ కావు. ఇది నా గట్టి నమ్మకం.

మా వైపు చింతచెట్లకు కొదవ లేదు. కాయ రాలే కాలంలో ప్రతి ఇంటి ముందూ కుప్పలే. పెంకు రాల్చి, నార లాగి, సుత్తితో కొట్టి గింజ తీయాలి. సాయంత్రానికి వేళ్ళు నల్లగా జిగటగా అయిపోతాయి. గోళ్ళ పక్క పగుళ్ళలోకి పులుపు దిగి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట. ఇంత చేస్తే వ్యాపారి కిలోకింత అని కూలి లెక్కగట్టి ఇచ్చి పండు ఎత్తుకుపోతాడు. అదే పండును హిందూపురం మార్కెట్లో కరిపులి, ఫ్లవర్ అని రకాలు చేసి అమ్ముతారు. మంచి రకానికీ మామూలు రకానికీ క్వింటాలు మీద వేలల్లో తేడా. గింజ కూడా వృథా కాదు. దాని పిండిని బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి వాడతారు. కష్టం మా ఊళ్ళో, లాభం ఇంకెక్కడో. అందుకే మిషన్ పెట్టి, శుభ్రంగా రకం చేసి, మేమే ప్యాక్ చేసి అమ్మాలనుకున్నాను.

కాగితాల పని చాలా వరకు సులువే. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్ పెట్టి ఫోన్లోనే అయిపోయింది. దానికి ప్రభుత్వ ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. చిత్తూరులో దానికే వేలు గుంజే కన్సల్టెంట్లు ఉన్నారు, వాళ్ళ గడప తొక్కకండి. ఫుడ్ లైసెన్స్ చిన్న యూనిట్లకు ఏడాదికి వంద రూపాయలు. గ్రామీణ ప్రాంతమని సర్టిఫికెట్ మా సచివాలయంలో ఇచ్చారు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక మేడం నా ప్రాజెక్టు రిపోర్టు పక్కన కూర్చోబెట్టుకుని సరిచేసింది, ఆమెకు రుణపడి ఉంటాను.

లెక్క ఇదీ. ప్రాజెక్టు ఖర్చు 9 లక్షల 50 వేలు. ఆడవాళ్ళం ఏ కులమైనా ప్రత్యేక కేటగిరీ కిందే వస్తాం కాబట్టి సొంత వాటా 5 శాతం, అంటే 47,500. పల్లెలో పెడితే సబ్సిడీ 35 శాతం, అంటే 3 లక్షల 32 వేల 500. ఆ సొమ్ము చేతికిస్తారని చాలామంది అనుకుంటున్నారు, ఇవ్వరు. బ్యాంకులోనే మన పేరు మీద మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంచుతారు. ఆ మేరకు లోన్ మీద వడ్డీ పడదు. యూనిట్ నడుస్తోందని చూసుకున్నాక అప్పులో జమ చేస్తారు.

ఇక బ్యాంకు. పేరు రాయను. ప్రభుత్వ బ్యాంకు, మా డ్వాక్రా గ్రూపు లోన్లన్నీ అక్కడే. గ్రూపు లీడర్‌గా ఇన్నేళ్ళలో ఒక్క కంతు కూడా ఆలస్యం కానివ్వలేదు. సభ్యురాలి ఇంట్లో చావు జరిగిన నెలలో కూడా అందరం చందా వేసి కట్టాం. ఆ పుస్తకం చేతిలో పెట్టుకునే పోయాను.

ఫైలు చూసే సారు తల ఎత్తకుండా, “మీ ఆయన్ని పిలుచుకొని రామ్మా” అన్నాడు. దరఖాస్తు నా పేరు మీద ఉంది సార్ అన్నాను. “ఉంటే ఉండనీలేమ్మా, పిలుచుకొని రా.” సరే అని మర్నాడు మా ఆయన ఆటో పక్కన పెట్టి వచ్చాడు. ఆ సారు నా వైపు చూడనే లేదు. మిషన్ ఎక్కడ కొంటావు, పండు ఎవరికి అమ్ముతావు, అన్నీ మా ఆయన్నే అడిగాడు. మా ఆయన “ఆ వివరాలన్నీ ఆమెకే తెలుసు సార్, ఆమెను అడగండి” అన్నాడు. నేను కోయంబత్తూరు కొటేషన్ తీసి టేబుల్ మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కొటేషన్ పక్కకు నెట్టి, “ఆడవాళ్ళకు మిషన్లెందుకు మా, రెండు ఆవులు కొనుక్కోండి, లోన్ రేపే ఇస్తా” అన్నాడు. క్యాష్ కౌంటర్ ముందు వరసలో నిలబడ్డ వాళ్ళంతా మా వైపు తిరిగారు. అందులో మా గ్రూపు సభ్యురాలు కూడా ఉంది. ఆమె ముందు ఆ మాట పడటం నాకు ప్రాణం పోయినంత పనైంది.

తర్వాత పొలం పాసుపుస్తకం తాకట్టు పెట్టమన్నాడు. 10 లక్షల లోపు చిన్న పరిశ్రమల లోన్లకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింట్ తీయించి చూపించాను. “నువ్వు నాకు రూల్స్ చెప్తావా?” అన్నాడు. అదే ఆఖరు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడనో, సర్వర్ డౌన్ అనో, పై ఆఫీసుకు పంపామనో చెప్పారు. గ్లాస్ తలుపు అవతల మేనేజర్ టీ తాగుతూ కనిపిస్తూనే ఉన్నాడు.

ఒకరోజు మా పాప ఫోన్లో ఈ పథకం పోర్టల్ తెరిచి చూసింది. నా దరఖాస్తు తిరస్కరించారు. కారణం గడిలో ‘దరఖాస్తుదారుకు ఆసక్తి లేదు’ అని ఉంది.

ఆసక్తి లేదట! కూలికి పోకుండా వాళ్ళ బెంచీ మీద పొద్దంతా కూర్చున్న మనిషికి! డబ్బు ఇవ్వం అని రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తప్పు వాళ్ళు చేసి నా పేరు మీద వేశారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంట్లో “వదిలెయ్, ఆ తలనొప్పి మనకెందుకు” అన్నారు. వదలబుద్ధి కాలేదు. ఇట్లా ఇంకెంతమంది ఆడవాళ్ళ దరఖాస్తుల మీద ఇదే మాట రాసి పంపారో అనిపించింది. ఇంటికొక పారిశ్రామికవేత్త రావాలని పైన ఎంత చెప్పినా, కింద ఆ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి ఆడదాని మాట మీద గౌరవం లేకపోతే ఒక్క ఉద్యోగం కూడా పుట్టదు.

సోమవారం చిత్తూరు కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. పోర్టల్ స్క్రీన్ ప్రింటు, బ్యాంకులో నేను ఇచ్చిన ప్రతి కాగితానికీ వేయించుకున్న తేదీ ముద్ర, డ్వాక్రా పుస్తకం జిరాక్సు, అన్నీ జతచేసి ఇచ్చాను. రసీదు నంబరు ఇచ్చారు. దాని మీద పరిశ్రమల కేంద్రం వాళ్ళు నా దరఖాస్తును వేరే బ్రాంచికి పంపించారు. అక్కడ మేనేజర్ నన్నే అడిగాడు, నేనే చెప్పాను. మా ఊరికి వచ్చి, అరుగు మీద చింతపండు కొడుతున్నవాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్కరినీ రోజుకు ఎన్ని కిలోలు అవుతుందో అడిగి రాసుకుని పోయాడు. తాకట్టు మాట ఎత్తలేదు. లోన్ శాంక్షన్ అయింది. శిక్షణ ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను. త్రీ ఫేజ్ కరెంటు, మిషన్ బిగింపు పెద్ద ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి.

ఈ దారిలో వచ్చేవాళ్ళు ఒకటి మాత్రం చేయండి. బ్యాంకులో ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. “అవసరం లేదు లేమ్మా” అంటారు, కదలకండి. నా అర్జీ నిలబడింది ఆ ముద్రల వల్లే. పోర్టల్ కూడా మీరే చూసుకుంటూ ఉండండి, వాళ్ళ మాట నమ్మి కూర్చోవద్దు.

ఇప్పుడు పనిచేసే ఎనిమిది మందిలో ముగ్గురికి ఇంతకుముందు ఏడాదిలో రెండు నెలలు కూడా పని ఉండేది కాదు. కొంత పండు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం, మామిడి సీజన్ దాటాక కూడా పని సాగాలని. ఆవులు కొనుక్కోమన్న రోజు క్యూలో నిలబడి విన్న మా సభ్యురాలే ఇప్పుడు ప్యాకింగ్ చూసుకుంటోంది.

మొదటి బ్యాంకును మాత్రం వదిలిపెట్టలేదు. నాకు ఆసక్తి లేదని రాసింది ఎవరు, ఏ ఆధారంతో రాశారు, గత మూడేళ్ళలో ఆ బ్రాంచిలో ఇదే కారణంతో ఎన్ని దరఖాస్తులు తిప్పి పంపారు, వాటిలో ఆడవాళ్ళవి ఎన్ని అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను.